కొత్తగూడెం బండిలో చేయందించేవాళ్ళు

ఖమ్మం

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు ఖమ్మం స్టేషన్ బయట టీ బండతను రోజులో మొదటి గిన్నె టీ వడగట్టాడు. మెట్ల మీద కూర్చున్న హమాలీలు లేచి వచ్చారు. వాళ్ళ వెనక నేను నిలబడ్డాను. కప్పు పది రూపాయలు. హైదరాబాదులో మా ఆఫీసు దగ్గర ఇదే టీకి ముప్పై తీసుకుంటారు, అందులో అల్లం ఉండదు.

"అల్లం ఘాటైతే చెప్పున్రి మేడం, రేపు తగ్గిస్త" అన్నాడు.

రేపు నేనిక్కడ ఉండనని చెప్పలేదు. మా చెల్లెలు సుధ బడి ఉన్న ప్రతి ఉదయం అతని దగ్గరే టీ తాగి రైలెక్కేది. ఆ సంగతీ చెప్పలేదు.

కారేపల్లికీ కొత్తగూడేనికీ మధ్య అడవి అంచున ఒక చిన్న హాల్టు ఉంది. దాని పక్క ఊళ్ళో చిన్నపిల్లల బడిలో సుధ టీచరు. పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం, ఇంటికి వచ్చే బండిని కదిలాక ఎక్కబోయి రైలు కింద పడి చనిపోయింది. హాల్టు పేరు రాయను. రాస్తే ఆ ఊరివాళ్ళను ఎవరో ఒకరు ఏదో అంటారు.

పడే ముందు ఆమె పట్టుకున్నది ముత్తమ్మ చెయ్యి. ముత్తమ్మ అడవిలో అడ్డాకు కోసి, విస్తళ్ళు కుట్టి, కొత్తగూడెం బజారులో అమ్ముకునే మనిషి. ఆ సాయంత్రం తర్వాత ఆమె మళ్ళీ రైలెక్కలేదు. ఈ మాట నాకు ఫోన్లో చెప్పింది ప్రమీల. కొత్తగూడెంలో ఒక దవాఖానాలో నర్సు, సుధతో పాటు రోజూ ప్రయాణం చేసిన మనిషి.

"బజారుకు పోకుంటే ఆమె బతికేదెట్ల అక్కా? మేం పిలిస్తే వస్తలేదు. మీ ఇంటోళ్ళు ఏమనుకుంటున్నరో అని బయపడి ఎక్కుతలేదు. మీరొక్కసారి పోయి ఆమె చేతి నీళ్ళు తాగి రాన్రి. ఆమెకు గంతే చాలు" అంది.

ఒకరి ఇంట్లో నీళ్ళు తాగడం పెద్ద పని కాదు. ఆ చేతిని నేను చూడగలనా అన్నదే నాకు తెలియలేదు. తెలియకుండానే బయల్దేరాను.

ముందురోజు సాయంత్రం మరిది, సుధ భర్త శ్రీధర్ ఇంట్లో దిగాను. ఖమ్మం బైపాస్ అవతల కొత్తగా లేచిన కాలనీ అది. సగం ఇళ్ళకు సున్నం లేదు, అన్ని ఇళ్ళ ముందూ కార్లకు చోటు వదిలారు. శ్రీధర్ వంట చేసి పెట్టాడు. చింతచిగురు పప్పులో ఉప్పు మరిచిపోయాడు. ఇద్దరమూ అలాగే తిన్నాం.

"ఎందుకు వదినా పోవుడు? ఆమె చెయ్యి పెట్టకుంటే సుధ ఆగిపోతుండె. ఎనక ఆటోల వస్తుండె" అన్నాడు చివరికి.

"ఆటో ఎక్కవద్దని నువ్వే అనేవాడివని చెప్పింది."

"అవ్. నేనే అన్న. ఆ రోడ్డు మీద బొగ్గు లారీలు చూసినవా నువ్వు?" అని కంచం తీసుకుని లేచాడు.

చేతులు కడుక్కుని గేటు దగ్గర నిలబడితే పక్కింటామె పలకరించింది. ఆమె కూడా టీచరే, కారేపల్లి వైపు పనిచేస్తుంది. "సుధ మేడం పోయినంక రైలంటేనే గుండె దడండీ. మావారు కారు కొందామంటున్నరు. ఇంక ఆ బండి మొకం చూడ" అంది. మర్నాడు పొద్దున టీ తాగి వెనక్కి తిరిగితే, చేతిలో టిఫిన్ డబ్బాతో ఆమె స్టేషన్ మెట్లెక్కుతోంది. నన్ను చూసి తల దించుకుంది. తల దించుకోవలసిన పని ఆమె ఏమీ చేయలేదు.

డోర్నకల్

ఖమ్మం నుంచి కొత్తగూడెం పోవాలంటే డోర్నకల్‌లో బండి మారాలి. మారే వ్యవధిలో ప్లాట్‌ఫారం మీద ఒక ఆమె వేడి మిర్చిబజ్జీలు అమ్ముతుంది. ఇరవై రూపాయలకు నాలుగు. ఉల్లిపాయ ముక్కలు అడిగితేనే వేస్తుంది. అడగనివాళ్ళను చూసి, "అడగంది అమ్మైనా పెట్టదు బిడ్డా" అంటుంది.

ప్రమీల అక్కడే కలిసింది. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. మాట ఆపదు. నా చేతిలో సంచి లాక్కుని, గుంపును చీల్చుకుంటూ ఆడవాళ్ళ పెట్టెలోకి తీసుకుపోయింది. సుధ కూర్చునే చోటు చూపించింది. అక్కడ ఒకామె ఒళ్ళో చేట పెట్టుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆ చోటు ఖాళీగా ఉంచలేదు. అలా ఉంచకపోవడమే నాకు నయమనిపించింది.

"టీచరమ్మ వాళ్ళక్క" అని ప్రమీల చెప్పింది. ఎవరో నా ఒళ్ళో గుప్పెడు చిక్కుడుకాయలు పోశారు. నేనూ ఈనెలు తీశాను.

నేనుండేది హైదరాబాదుకు తూర్పున, మెట్రో చివరి స్టేషన్ దాటాక వచ్చే ఒక కాలనీలో. రోజూ మెట్రోలోనే కాలేజీ లైబ్రరీలో పనికి పోతాను. తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి. పసుపు గీత దాటితే ఈల వేస్తారు. మా కాలనీవాళ్ళు మెట్రో గురించి మాట్లాడుకునేదల్లా పార్కింగు గురించి, సాయంత్రం రద్దీ గురించి. అందులో ప్రాణాలు పోతాయన్న ఆలోచన ఎవరికీ రాదు. బండి కాసేపు ఆగితే మాత్రం మీటింగులు పోతాయని అందరూ కంగారు పడతారు. ఆడవాళ్ళ పెట్టెలో ఎంతో కాలంగా నా ఎదురుగా కూర్చునే ఒకామె ఉంది. ఆమె పేరు నాకు తెలియదు.

ఇదంతా ఒకసారి సుధకు చెబితే, "మరి పడితే ఎవరు లేపుతరే అక్కా?" అని అడిగింది.

"పడరు" అన్నాను.

"పడకుంట ఎవరుంటరే" అని నవ్వింది.

కారేపల్లి దాటాక

కారేపల్లి దాటాక హాల్టుల్లో దిగువ ప్లాట్‌ఫారాలు. కొన్నిచోట్ల కంకరా, మట్టీ తప్ప ఇంకేం కనపడదు. రైలు మెట్టు మనిషి నడుము దాకా వస్తుంది. బండి ఆగేది కాసేపే. ఆకుల కట్టలు, కూరగాయల గంపలు, పాల క్యాన్లు, చంటిపిల్లలు అన్నీ ఆ కాసేపట్లోనే ఎక్కాలి.

అందుకని ఈ పెట్టెలో ఒక పద్ధతి పుట్టింది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ముందు హాల్టులో ఎక్కినవాళ్ళు వెనక హాల్టువాళ్ళకు చెయ్యి అందించాలి. కింద ఒక్కరు మిగిలినా పైన ఎవరూ కూర్చోరు. బండి కదిలినా సరే, పరిగెత్తుకొచ్చే మనిషికి చెయ్యి అందాల్సిందే. అందించకపోతే మర్నాడు ఆమెతో ఎవరూ మాట్లాడరు, తెచ్చుకున్న పచ్చడి ఎవరూ వేసుకోరు.

"చెయ్యి అందియ్యనోళ్ళకు ఒక పేరుండె మాలో. సర్కారు ఆఫీసరమ్మ అని" అంది చిక్కుడుకాయలామె. ఆమెకు కొత్తగూడెంలో కూరగాయల బేరం.

ముత్తమ్మకూ సుధకూ ఈ పద్ధతిలో జోడీ కుదిరింది. ముత్తమ్మ ఊరి హాల్టు ముందు వస్తుంది, సుధ బడి హాల్టు ఆ తర్వాతది. పొద్దున బండిలో సుధ ముందే ఉంటుంది కాబట్టి ముత్తమ్మనూ ఆమె ఆకుల కట్టనూ సుధ పైకి లాగేది. సాయంత్రం ముత్తమ్మ కొత్తగూడెం నుంచే కూర్చుని వస్తుంది కాబట్టి సుధను ఆమె లాగేది. సెలవులు పోను ఏళ్ళ తరబడి ఇలాగే జరిగింది.

"మీకు భయం వేయదా?" అని అడిగాను. అడిగాక తెలివితక్కువ ప్రశ్న అనిపించింది.

"దేనికి భయం?" అంది చిక్కుడుకాయలామె. "రైలుకా? రైలు పట్టాల మీదనే పోతది. ఆటోవోడు ఎటు పోతడో వానికే తెల్వది."

"రోడ్డు మీద సస్తే ఊరిదాకనే తెలుస్తది. రైలు కింద సస్తే పేపర్ల వస్తది. గంతే తేడా" అంది ప్రమీల. అని వెంటనే నా వైపు చూసి, "తప్పుగ అనుకోకున్రి అక్కా. ఇక్కడ అందరం గిట్లనే మాట్లాడుకుంటం" అంది.

తప్పుగా అనుకోలేదు. చావింటికి వచ్చినవాళ్ళు ఏమీ మాట్లాడకుండా కూర్చోవడం కన్నా ఇదే మేలు.

సుధ బడి హాల్టు వచ్చినప్పుడు నేను రెండో వైపు కిటికీలోకి తిరిగి కూర్చున్నాను. అటు మోదుగ చెట్లు, ఒక నీళ్ళ ట్యాంకు ఉన్నాయి. బండి కదిలేదాకా ట్యాంకునే చూశాను.

భద్రాచలం రోడ్డు

బండి ఆగే చివరి స్టేషన్ పేరు భద్రాచలం రోడ్డు. ఊరు మాత్రం కొత్తగూడెం. రాములవారి భద్రాచలం అక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున ఉంది. కర్నూలు వైపు నుంచి వచ్చిన ఒక ముసలి దంపతులు స్టేషన్ బయట నిలబడి గోపురం కోసం వెతుకుతున్నారు. ఇంకా బస్సెక్కాలని ప్రమీల చెప్పింది. "మరి బోర్డు మీద దేవుడి పేరెందుకు రాసినారమ్మా?" అని ముసలాయన కోపంగా అడిగాడు. "దేవునికి గూడ రోడ్డు కావాలె కద తాతా" అంది ప్రమీల. ముసలామె నవ్వింది, ముసలాయన నవ్వలేదు.

నేను కూడా ముందు భద్రాచలం పోదామనే ముత్తమ్మ హాల్టులో దిగకుండా ఇంతదాకా వచ్చాను. పోయి ఏమడగాలో తేలక మానుకున్నాను. ప్రమీల డ్యూటీకి వెళ్తూ ఒక మాట అంది. "ముత్తమ్మ ఏం చెప్పినా వినున్రి అక్కా. నా గురించి చెప్పినా సరే." ఎందుకలా అందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

స్టేషన్ ఎదురుగా హోటల్లో ఇడ్లీ తిన్నాను. కాగితపు పళ్ళెంలో పెట్టారు. అడ్డాకు విస్తళ్ళు లేవా అని అడిగితే, "తెచ్చే ఆమె వస్తలేదు" అన్నాడు హోటలతను. ఎందుకు రావడం లేదో అతనికి తెలియదు.

ఆటోలో

ముత్తమ్మ ఊరికి వెనక్కి రైలు సాయంత్రం గానీ లేదు. ఈ నెలల్లో ఎప్పుడైనా కొత్తగూడెం రావలసి వస్తే ముత్తమ్మ ఎలా వచ్చేదో నేనూ అలాగే పోదామని జూలూరుపాడు వైపు పోయే షేర్ ఆటో ఎక్కాను. డ్రైవరు పేరు యాకూబ్. వెనక కాలు పెట్టడానికి చోటు లేకపోతే నన్ను తన పక్కన సగం సీటు మీద కూర్చోబెట్టుకున్నాడు.

"గట్టిగ పట్టుకోన్రి మేడం. బయపడకున్రి. మీరు పడితే నేను గూడ పడత. ఒక్కళ్ళే పోరు."

"ఆగి ఇంకొకరిని ఎక్కించుకోకపోతే చాలు" అన్నాను.

"గట్లైతే కిరాయి గిట్టదు. ఇంక ఇద్దరికి జాగ ఉన్నది" అన్నాడు. వెనకనుంచి ఎవరో, "నీ నెత్తి మీద ఉన్నది జాగ" అని అరిచారు. అందరూ నవ్వారు. దారిలో నిజంగానే ఇద్దరిని ఎక్కించుకున్నాడు.

ఎదురుగా వచ్చిన ఒక బొగ్గు లారీకి దారి ఇవ్వడానికి ఆటో రోడ్డు దిగింది. బయటికి వేలాడుతున్న నా ఎడమ కాలి చెప్పు జారిపోయింది. వెనక్కి తిరిగి చూసేసరికి ఇంకో లారీ దాని మీదుగా పోయింది. యాకూబ్ ఆపలేదు. "చెప్పు పోతే మంచిదే మేడం, పీడ పోయినట్టు" అన్నాడు. ఆ మాట మా అమ్మ కూడా అనేది. కిరాయి యాభై అడిగి, చెప్పు పోయినందుకని నలభై తీసుకున్నాడు.

ముత్తమ్మ ఊరు

రోడ్డు మీద దిగి మిరప చేల మధ్య నడవాలి. ఒక కాలికే చెప్పు ఉంటే అసలు లేనిదానికన్నా నడవడం కష్టం. రెండోది కూడా విప్పి చేతిలో పట్టుకున్నాను.

ముత్తమ్మ ఇల్లు ఊరి చివర, అడవికి ఆనుకుని ఉంది. మట్టి గోడలు, పెంకుల కప్పు, వెదురు దడి. వాకిట్లో ఆకుల కుప్ప ముందు కూర్చుని వెదురు పుల్లలతో విస్తళ్ళు కుడుతోంది. పక్కన వాళ్ళత్త. ఇద్దరూ వాళ్ళ భాషలో ఏదో మాట్లాడుకుంటున్నారు, నన్ను చూసి ఆపారు. ముత్తమ్మ నా మొహం చూసింది, తర్వాత నా చెయ్యి చూసింది.

"ఒక్క చెప్పు చేతుల పట్టుకొని వచ్చినవేంది?" అంది.

"ఒకటి లారీ కింద పడింది" అన్నాను.

ఆ మాట అన్నాక ఇద్దరమూ ఒకరినొకరు చూసుకున్నాం. మా ఇద్దరికీ తట్టినది ఒకటే. ఆమె చూపు తిప్పుకుంది. "నువ్వు టీచరమ్మ అక్కవి. నడక అదే" అంది. చాప వేసింది.

ఆమె చేతుల్ని చూడటానికే వచ్చాను కాబట్టి చూశాను. పెద్ద చేతులు. వేళ్ళ చివర్లు ఎర్రగా పొంగి ఉన్నాయి. బజారుకు పోకపోవడంతో విస్తళ్ళు ఊళ్ళోకి బండి మీద వచ్చే బేరగాడికి సగం ధరకు ఇస్తోందట. అది చాలక ఆమె, ఆమె భర్త మిరపకాయలు ఏరడానికి పోతున్నారు. ఆ రోజు ఆయన ఒక్కడే పోయాడు, ఈమె ఆకు కుట్టడానికి ఆగింది. మిరప కోతకు అలవాటు లేని వేళ్ళు పగలంతా మండుతాయి, ఎంత కడిగినా పోదు.

"నీళ్ళిస్తావా?" అన్నాను.

"కుండ లోపలున్నది. నువ్వే ముంచుకో. నా చేతులకు మిరప మంట ఉన్నది."

"నువ్వే ముంచి ఇవ్వు."

ముత్తమ్మ కదల్లేదు. అత్త వాళ్ళ భాషలో ఒక మాట గట్టిగా అంది. అప్పుడు లేచి వెళ్ళింది. గ్లాసు నిండా ముంచి తెచ్చి, రెండు చేతులతో పట్టుకుని ఇచ్చింది. తాగాను. గ్లాసు అంచు తగిలిన చోట పెదవులు మండాయి. ఆ మంట సాయంత్రం దాకా పోలేదు.

ఇంతటితో పని అయిపోయిందనుకున్నాను. కాలేదు.

"మీ మీద నాకు బయం లేదమ్మా" అంది ముత్తమ్మ మళ్ళీ ఆకు అందుకుని. "మీరొచ్చి తిడితే తిట్టించుకుందు. గిది వేరే."

కుడుతూనే చెప్పింది. ఆ రోజు బడిలో మీటింగని సుధకు ఆలస్యమైంది. వాన. బండి కదిలింది. సుధ గొడుగు పారేసి పరిగెత్తుకొచ్చింది. ఎప్పటిలాగే ముత్తమ్మ తలుపు దగ్గర వంగి చెయ్యి చాచింది, సుధ పట్టుకుంది. తడి మెట్టు మీద కాలు జారింది.

"నేను వదల్లేదు. నేను గూడ వంగిన, సగం బయటికొచ్చిన. అయినా వదల్లేదు. ఎనక నుంచి నా నడుం పట్టి గుంజిన్రు. నేను ఇటొచ్చిన, ఆమె అటు పోయింది."

"ఎవరు గుంజారు?"

ముత్తమ్మ ఇంకో రెండు ఆకులు కుట్టింది.

"ప్రమీల. ఆమె గుంజకుంటే నేను గూడ పోదును. నాకు తెలుసు. పోరగాళ్ళున్నరు నాకు. అందుకే ఆమె మొకం చూస్తలేను. తిట్టలేను, దండం పెట్టలేను. ఆ బండెక్కితే పొద్దు మాపు ఆమె ముంగట కూసోవాలె. ఏం మాట్లాడాలె? నువ్వు సదువుకున్నదానివి, చెప్పు."

నేను చదివిన పుస్తకాలు తక్కువేమీ కాదు. అందులో ఏదీ నాకు ఆ సమయంలో పనికి రాలేదు. తెలియదని చెప్పాను. ప్రమీల పొద్దున అన్న మాట అప్పుడు అర్థమైంది.

చీకటి పడకముందే జొన్నరొట్టె, ఎండుమిరప పచ్చడి పెట్టింది. కొత్తగా కుట్టిన విస్తట్లో వడ్డించింది. మా వైపు పెళ్ళిళ్ళలో కూడా ఇప్పుడు ఇలాంటి విస్తట్లో తినడం లేదు. తింటూ నేను చెప్పవలసిన మాట చెప్పాను. హైదరాబాదు బండి నాకు కొత్తగూడెం నుంచి ఉంది. పొద్దున ప్యాసింజర్‌లో మళ్ళీ సుధ హాల్టు మీదుగా పోవాలి. ఇవాళ ఆ హాల్టు దగ్గర మొహం తిప్పుకున్నాను. రేపు ఒక్కదాన్ని పోలేను.

"నాతో కూర్చుంటావా? ఎవరితోనూ ఏమీ మాట్లాడకు. నా పక్కన కూర్చో చాలు."

"ఆకుల కట్టెవరు మోస్తరు? నువ్వు మోస్తవా?"

"మోస్తాను."

"ఒక్క చెప్పుతోనా?" అంది. వాళ్ళత్త గట్టిగా నవ్వింది. ముత్తమ్మ కూడా నవ్వింది, కానీ వస్తానని చెప్పలేదు.

హాల్టు

పొద్దున నేను లేచేసరికి వాకిట్లో విస్తళ్ళ కట్టలు తాళ్ళతో బిగించి ఉన్నాయి. ముత్తమ్మ బజారు చీర కట్టుకుంది. నా కోసం వాళ్ళాయన హవాయి చెప్పులు తీసిపెట్టింది. అవి నా కాళ్ళకు చాలా పెద్దవి.

హాల్టు దాకా నేనొక కట్ట, ఆమె మిగతావి మోశాం. బండి రావడానికి చాలా ముందే చేరాం. మాతో పాటు ఊరివాళ్ళు కొందరున్నారు. ముత్తమ్మను చూసి ఎవరూ ఏమీ అడగలేదు. ఒక ముసలాయన మాత్రం, "ఇయ్యాల కొత్తగూడెంల విస్తరి దొరుకుతది" అన్నాడు.

బండి ఆగింది. ఆడవాళ్ళ పెట్టె తలుపు దగ్గర ప్రమీల నిలబడి ఉంది. వస్తున్నామని నేను ఫోన్ చేయలేదు. రోజూ అలాగే నిలబడుతోందేమో. ముత్తమ్మ కట్ట పైకెత్తింది, ప్రమీల అందుకుంది. అన్ని కట్టలూ అందుకుంది. తర్వాత ప్రమీల పక్కకు జరిగింది. ముత్తమ్మ కమ్మీ పట్టుకుని తనంతట తనే ఎక్కింది. నేను చెప్పులు చేతిలో పట్టుకుని, నా మోకాలి నొప్పితో, అదే కమ్మీ పట్టుకుని ఎక్కాను. పైనుంచి అందరూ చూస్తూ నిలబడ్డారు. నేను లోపలికి వచ్చేదాకా ఎవరూ కూర్చోలేదు. చెయ్యి మాత్రం ఎవరూ చాచలేదు.

కూర్చున్నాం. నాకొక పక్కన ముత్తమ్మ, ఎదురుగా ప్రమీల.

"సన్నబడ్డవ్" అంది ప్రమీల.

"మిరపకాయలు తింటున్న" అంది ముత్తమ్మ కిటికీలోకి చూస్తూ.

ప్రమీల కాసేపటికి నా వైపు వంగి, "చెప్పిందా?" అని అడిగింది.

"చెప్పింది."

"ఇద్దరు పోయేటోళ్ళక్కా."

"తెలుసు" అన్నాను. అది నిజమే. నాకు తెలుసు. తెలిసినా సుధ తిరిగి రాలేదు, ప్రమీల మొహంలో బరువూ తగ్గలేదు.

సుధ బడి హాల్టు వచ్చింది. ఈసారి నేను అటే చూశాను. కంకర, పలకలు పగిలిన ఒక సిమెంటు బల్ల, బడి వైపు పోయే కాలిబాట. గోడ మీద పిల్లలెవరో బొగ్గుతో రాసిన అక్షరాలు. మరేమీ లేదు. ఎక్కేవాళ్ళు ఎక్కారు. బండి కూత వేసి కదిలింది.

అప్పుడు కాలిబాట మీద ఒక పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో సంచి, మెడలో ఏదో షాపు గుర్తింపు కార్డు. బండి పక్కన పరిగెత్తుతూ చెయ్యి పైకి చాచింది.

"అక్కా! అక్కా, చెయ్యి!"

పెట్టెలో అందరూ ఒక్కసారిగా లేచి అరిచారు. "ఆగు! ఉరకకు! ఆగవే పిల్లా!" తలుపు దగ్గర నలుగురున్నారు. నలుగురూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ముత్తమ్మ లేవలేదు. రెండు చేతులూ చంకల్లో బిగించి పెట్టుకుంది. ప్రమీల ఆమెనే చూస్తోంది.

ఆ పిల్ల ఇంకొంచెం పరిగెత్తి ఆగిపోయింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ, మాకు వినపడేలా తిట్టింది. "మీ చేతులు పడిపోను!"

ఎవరూ తిరిగి తిట్టలేదు. తలుపు దగ్గరివాళ్ళు వచ్చి కూర్చున్నారు. చిక్కుడుకాయలామె మాత్రం, "ఇయ్యాల దానికి జీతం కట్ అయితది" అంది.

బండి మలుపు తిరిగేదాకా ఆ పిల్ల అక్కడే నిలబడి ఉండటం నాకు కనిపించింది. రెండు కాళ్ళ మీద నిలబడి ఉంది. నేను అది చూశాను. ముత్తమ్మ కూడా చూసింది. తర్వాత చంకల్లోంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఇప్పుడు ఆ పెట్టెలో, బండి ఆగి ఉన్నా కదిలినా, ఎవరూ ఎవరికీ చెయ్యి అందించడం లేదు.